మనవి, అమ్మేవి

ఆ ఇంటి వెనక పెరడు చూసినవాళ్ళెవరూ మెచ్చుకోకుండా వెళ్ళరు. పాత మంచం పలకలు, పగిలిన ఇటుకలు చుట్టూ పేర్చి మోకాలెత్తున కట్టిన మళ్ళు. పక్కన కూర్చుని చెయ్యి చాపితే అవతలి అంచు అందేంత వెడల్పు. మడికీ మడికీ నడుమ నడిచే దారి ఉంది కాబట్టి మట్టిని కాలితో తొక్కే పనే లేదు. ఎండుటాకులు, పశువుల ఎరువు, జల్లెడ పట్టిన మన్ను కలిపి నింపారు. వేలు పెడితే వేలంతా దిగిపోతుంది. ఒకదాంట్లో టమాటా, ఒకదాంట్లో వంగ, ఒకదాంట్లో బెండ, అంచుల వెంబడి ఆకుకూర. పురుగు కనిపిస్తే ఇంటావిడ చేత్తో ఏరి ఉప్పునీళ్ళ డబ్బాలో వేస్తుంది. ఆకుల కింద పేను పడితే సబ్బునీళ్ళు చల్లుతుంది, బూడిద దులుపుతుంది. ఆ మళ్ళు ఎరిగిన మందు అంతే.

ఇంత మంచి పెరట్లో తప్పేముందని మీరు అడగవచ్చు. పెరట్లో తప్పేమీ లేదు. పెరటి గోడకి అవతల ఉంది.

గోడకి అవతలి పొలమూ వాళ్ళదే. అక్కడా అవే బెండ, అదే వంగ, అదే టమాటా. అవి బజారుకి. అక్కడ పురుగును ఎవరూ చేత్తో ఏరరు. ఇంటాయన వీపుకి డబ్బా తగిలించుకుని మందు కొడతాడు. కొట్టాక కొన్నాళ్ళు కాయ కోయకూడదని ఆయనకు తెలుసు. కానీ ఈవేళ లేతగా ఉన్న బెండకాయ ఎల్లుండికి ముదురుతుంది. ముదిరినదాన్ని బజారులో ఎవరూ ముట్టరు. అందుకని సాయంత్రం కొట్టి పొద్దున్నే కోసేస్తాడు. కాయ నిగనిగలాడుతుంది, పుచ్చు ఒక్కటి కనిపించదు. నడిచినా, తిన్నా, మాట్లాడినా వెనక ఎవరో తరుముతున్నట్టే ఉంటాడు కాబట్టి ఇరుగుపొరుగు ఆయనకు తొందరాయన అని పేరు పెట్టారు.

ఆ ఇంట్లో కూరగాయలకు రెండు పేర్లు. పెరట్లో కాసేవి 'మనవి'. పొలంలో కాసేవి 'అమ్మేవి'. ఎవరూ ఆలోచించి పెట్టిన పేర్లు కావు. నోళ్ళలో నలిగి అలా స్థిరపడ్డాయి. కోడలు కాపరానికి వచ్చిన కొత్తలో అత్తగారు మొదట నేర్పింది ఈ తేడానే. ఉప్పు డబ్బా ఎక్కడుంటుందో ఆ తర్వాత చెప్పింది.

ఆ వీధి చివర ఒక పసిపిల్లల బడి ఉంది. తల్లులు పనులకు పోతూ నడక వచ్చీరాని పిల్లల్ని అక్కడ వదిలిపోతారు. అక్కడ వండిపెట్టే ఆవిడను పిల్లలు గరిటమ్మ అంటారు. తాజాగా ఉంటాయని ఆవిడ బజారుకి పోకుండా నేరుగా ఈ ఇంటికే వచ్చి కూరగాయలు కొంటుంది. ఒకరోజు పొద్దున అలాగే వచ్చింది.

"చెల్లీ, ఈవేళ బెండకాయలు కావాలి. మంచి లేతవి. పిల్లలకు పళ్ళు రాలేదు, నాకేమో పోతున్నాయి."

"పళ్ళు పోయినా నీ మాటలకేం తక్కువ లేదక్కా."

"మాటలు నమలక్కర్లేదుగా."

ఇంటావిడ నవ్వింది. పాపను చంకనేసుకుని పెరటి గుమ్మంలో నిలబడ్డ కోడలు పసిపిల్లలకి కదా అనుకుంది. అనుకుని, గట్టిగా అడిగేసింది.

"అత్తయ్యా, మనవి కోయనా, అమ్మేవి ఇవ్వనా?"

తొందరాయన అప్పుడే కోసి తెచ్చిన కాయలు బుట్టలకెత్తుతున్నాడు. ఆయన చెయ్యి ఆగింది. గరిటమ్మ ముగ్గురి ముఖాలూ చూసింది.

"మనవేంటి, అమ్మేవేంటి?"

"పెరట్లో సరదాకి నాలుగు మొక్కలేశాం లే. అవి నీ పిల్లలకు ఏ మూలకి? ఇవిగో, ఇప్పుడే కోసినవి. పట్టుకుపో" అన్నాడు తొందరాయన.

ఆవిడ ఆయన వైపు చూడలేదు. "రెండూ ఒకటేనా చెల్లీ?"

"ఒకటేనక్కా" అంది ఇంటావిడ.

గరిటమ్మ ఒక కాయ తీసి తోక విరిచింది. టప్పున విరిగింది. తృప్తిగా తల ఊపి, బుట్ట నింపుకుని వెళ్ళిపోయింది. తొందరాయన కోడల్ని కోపంగా చూసి, బండివాడితో మాట్లాడాలంటూ బయటికి పోయాడు.

ఇంటావిడకు ఆ తర్వాత కాలు నిలవలేదు. తోమిన గిన్నెలే మళ్ళీ తోమింది. పెరట్లోకి వెళ్ళింది, ఎందుకు వెళ్ళిందో మరిచిపోయి తిరిగొచ్చింది. ఇన్నాళ్ళూ బుట్టలు బండెక్కి పోయేవి. ఎవరు తింటారో ఆమెకు తెలియదు, తెలుసుకోవాలనీ అనుకోలేదు. బడికి ఇచ్చినప్పుడూ అంతే. ఎవరూ అడగలేదు, తను చెప్పలేదు. ఆ రోజు మాత్రం ఒక మనిషి తన ముఖంలోకి చూసి అడిగింది.

"నేనేమైనా తప్పుగా అన్నానా అత్తయ్యా?" కోడలు భయం భయంగా అడిగింది.

"నువ్వు సరిగ్గానే అన్నావు."

కోడలు పెరటి టమాటా ఉడికించి, మెత్తగా మెదిపి, పాపకు తినిపిస్తోంది. ఒక ముద్ద పెట్టి పాప మూతి తుడిచింది. "ఆ బడిలో ఉండేవాళ్ళూ దీనంత వాళ్ళేగా" అంది. దెప్పడానికి అన్న మాట కాదు. అయినా ఇంటావిడ చేతిలో గిన్నె అక్కడే పెట్టేసి చెప్పులేసుకుంది.

ఆమె వెళ్ళేసరికి గరిటమ్మ వంటగదిలో పీట మీద కూర్చుని బెండకాయలు తరుగుతోంది. పొయ్యి మీద మూకుడు వేడెక్కుతోంది. పక్క గదిలో పిల్లలు ఏదో పాట తలొక రాగంలో పాడుతున్నారు.

"ఆగక్కా. అవి వండొద్దు."

"ఏం, పుచ్చులున్నాయా?"

"ఒక్క పుచ్చు కూడా లేదు. అందుకే వద్దంటున్నా. నిన్న సాయంత్రమే మందు కొట్టారు."

గరిటమ్మ కత్తి ఆపింది. "కడిగానులే."

"కడిగితే పోయేదైతే మేమూ అవే తినేవాళ్ళం."

ఆ మాట అన్నాక గాని తను ఏమన్నదో ఇంటావిడకు తెలియలేదు. గరిటమ్మకు మాత్రం వెంటనే తెలిసింది. లేచి మూకుడు దింపింది.

"పొద్దున ఒకటేనన్నావు."

"అబద్ధం చెప్పాను."

"మరి మొన్నటి వంకాయలు?"

"అవీ పొలంలోవే."

"అంతకు ముందువి?"

"అన్నీ."

"పిల్లలు కడుపునొప్పి అని ఏడిస్తే నూనెను తిట్టాను. నీళ్ళను తిట్టాను. వండింది నేనే కదా అని నన్ను నేను తిట్టుకున్నాను" అంది గరిటమ్మ. గొంతు పెంచలేదు. "నీ మీద అనుమానమే రాలేదు. నోరారా అక్కా అంటావు కదా మరి."

"రేపట్నుంచి పెరట్లోవి తెచ్చిస్తా."

"రేపటి సంగతి తర్వాత. వీటిని తీసుకుపో. ఇక్కడ పారెయ్యడానికి చోటు లేదు. బయట వేస్తే ఏ మేకో తింటుంది. ఆ మేకా ఎవరో ఒకరిదే." తరిగినవీ తరగనివీ బుట్టలోకి ఊడ్చి ఆమె చేతికిచ్చింది. పప్పు డబ్బా కోసం అటు తిరిగింది. మళ్ళీ ఇటు తిరగలేదు.

ఇంటావిడ బుట్టతో ఇంటికొచ్చి, తిన్నగా పొయ్యి వెలిగించి, ఆ బెండకాయలే వేయించడం మొదలుపెట్టింది. కోడలు చూసి హడలిపోయింది.

"అత్తయ్యా, అవి అమ్మేవి."

"తెలుసు. నువ్వు ముట్టుకోకు. పాపను దగ్గరికి రానివ్వకు."

మధ్యాహ్నం తొందరాయన వచ్చాడు. ఎప్పటిలాగే చేతులు కడుక్కుంటూనే "పెట్టు, పెట్టు" అన్నాడు. కంచం ముందు కూర్చున్నాడు. కూర పెద్ద కుప్పగా ఉండడం చూసి సంబరపడ్డాడు.

"మన మళ్ళు ఇంత కాశాయా?"

"మనవి కావు" అంది భార్య. "పొద్దున మీరు కోసినవే. బడికి పోయి నిజం చెప్పి వెనక్కి తెచ్చాను."

ముద్ద కలిపిన చెయ్యి కలిపినట్టే ఆగిపోయింది. ఆ సమయంలోనే పాప కోడలి చేతుల్లోంచి జారి, రోజూ పాకే దారినే తాతగారి దగ్గరికి పాకింది. తాతగారి కంచంలో చెయ్యి పెట్టడం దానికి అలవాటు. బెండకాయ ముక్క అందుకుంది. తొందరాయన దాని మణికట్టు పట్టేసుకున్నాడు. ఎంత గట్టిగా పట్టుకున్నాడంటే పాప కెవ్వుమంది. ముక్క ఊడబెరికి, దాని అరచెయ్యి తన బట్టలకేసి తుడిచాడు. తుడిచిన చోటే మళ్ళీ తుడిచాడు.

"నీకేమైనా పిచ్చి పట్టిందా?" అని భార్య మీద అరిచాడు.

"పసిదాని చెయ్యి ఎందుకు పట్టుకున్నారు?"

"తెలియనట్టు అడుగుతావేంటి?"

"తెలుసు. మీకూ తెలుసు. తెలిసే ఇన్నాళ్ళూ ఇద్దరం ఊరందరికీ పెట్టాం."

"అందరూ కొడుతున్నారు. నేనొక్కణ్ణి మానేస్తే పురుగంతా నా చేలోకే వస్తుంది. పంట పోతే ఈ పిల్లకి పాలు నువ్వు కొంటావా?"

చదువరులారా, ఆయన మాటలో నిజం లేకపోలేదు. పుచ్చు కాయ కనిపిస్తే బుట్టలోంచి తీసి అవతల పారేసేది మనమే. మచ్చలేని కాయ కావాలని ఏరేది మన చేతులే. ఆయన చేతికి ఆ డబ్బా ఇవ్వడంలో మన వాటా మనకుంది. కాని ఆ నిజం చాటున దాక్కోవడానికి ఆయనకు ఇక చోటు లేదు. ఏడుస్తున్న పిల్ల ఆయన ఒళ్ళోనే ఉంది.

భార్య కింద కూర్చుంది. పొద్దుటినుంచి ఆమె కూర్చోవడం అదే మొదలు.

"పంట మానేయమని నేననను. మానగలిగినంత మందు మానండి. మానలేనప్పుడు కొట్టి ఆగండి. పెరట్లో ఒక్క పురుగు కోసం గంటసేపు ఆకులు తిరగేస్తాం. గోడ దాటేసరికి ఆ ఓపిక ఏమవుతోంది? ఇకనుంచి పెరట్లోవి బడికి పోతాయి. ఈ ఇంట్లో పొలంలోవి వండుతాను. కోయమని మీరు ఏ రోజు చెబితే ఆ రోజు కోస్తాను."

"పాపకో?"

"పాపకీ అవే."

ఆయన కంచం తోసేసి లేచిపోయాడు.

ఆ రోజుతో ఆయన మారిపోయాడని చెబితే అది ఇంకొక అబద్ధం అవుతుంది. సాయంత్రం బండి రోజూలాగే వచ్చింది, రోజూలాగే నిండింది. ఆ కాయలు ఎవరి కుండలో ఉడికాయో, ఎవరి పిల్లలు తిన్నారో ఎప్పటికీ ఎవరికీ తెలియదు. దానికి మన్నింపు లేదు. ఎవరిని అడగాలో తెలియనప్పుడు మన్నింపు ఎలా దొరుకుతుంది? ఆయన కొన్నాళ్ళు భార్యతో మాట్లాడలేదు. కోయమని ఆయన చెప్పలేదు, ఆమె కోయలేదు; ఉప్పు కలుపుకుని అన్నం తిన్నాడు. నా పెళ్ళామే నన్ను బజారున పెట్టిందని కనబడినవాళ్ళకల్లా చెప్పుకున్నాడు. ఆమె మాత్రం మాట తప్పలేదు. పెరటి కాయలు తెల్లవారేసరికి బడి గుమ్మంలో ఉండేవి.

మళ్ళీ మందు కొట్టే రోజు వచ్చింది. కొట్టి, డబ్బా దింపి, చేతులు కడుక్కుంటూ ఉంటే భార్య ఖాళీ బుట్టతో వచ్చి నిలబడింది.

"కూరకి రేపు కోయనా?"

ఆయన ఇంటివైపు చూశాడు. పాప గుమ్మంలో కూర్చుని పళ్ళెం మీద గరిట కొడుతోంది.

"చెప్పండి. ఇంట్లో కూర లేదు."

"ఆగు" అన్నాడు.

"ఎన్నాళ్ళు?"

ఆయన మందు సీసా వెతికి తెచ్చాడు. దాని మీది మట్టిని బొటనవేలితో గీకి, వెలుతురుకి పట్టుకుని, చిన్న అక్షరాలు కూడబలుక్కుంటూ చదివాడు. ఇన్నేళ్ళుగా వాడుతున్న సీసా మీద ఏముందో మొదటినుంచి చివరిదాకా ఆయన చదవడం అదే మొదటిసారి. చదివి, ఎన్నాళ్ళో చెప్పాడు. మర్నాడు బండివాడు వచ్చి హారన్ కొడితే గేటు దగ్గరికి పోయి "ఈవేళ లేవు" అన్నాడు.

"ముదిరిపోతాయన్నా."

"ముదరనీ."

చాలా కాయలు ముదిరాయి. వాటిని ఎరువుకుప్పలో వేశారు. ఆ కాపు గిట్టలేదు, ఇల్లు ఇరుకున పడింది. పక్క పొలాలవాళ్ళు నవ్వారు. బండివాడు రెండు గేట్ల అవతల బుట్టలు నింపుకున్నాడు. గరిటమ్మ పెరటి కాయలు తీసుకుంటూనే ఉంది కాని ప్రతి కాయా తిరగేసి, వాసన చూసి తీసుకుంటుంది. చెల్లీ అని మాత్రం మళ్ళీ పిలవలేదు. ఏమ్మా అంటుంది.

పెరట్లో మళ్ళు కట్టుకోవడం మంచి పనే. తీరిక ఉన్న ప్రతి ఇల్లూ కట్టుకోవాలి. కాని మన పిల్లల వరకు మంచి మట్టి చూసుకుని, పొరుగు పిల్లల సంగతి సీసాకి వదిలేస్తే అది సేద్యం కాదు, దొంగతనం. నేల దున్నేవాడైనా, నూనె ఆడించేవాడైనా, పాలు పితికేవాడైనా, తన కంచంలో వేసుకోలేనిదాన్ని ఎవరూ తక్కెడలో వేయకూడదు.