ఒకే నవ్వు

"దగ్గర్లో పుంగనూరు సెంటరుండంగా కుప్పం దాకా యాలమ్మా? ఆడ ఎంత శుభ్రంగా ఉండాదో నువ్వే సూసొచ్చినావు కదా!" అని కూతురు హేమ మళ్లీ అందుకుంది. మదనపల్లెలోని ఆ ఇంట్లో పొద్దుటి నుంచి ఇదే గొడవ.

"కుప్పంలో అంతా గలాటా అంట. నా కొడుకును సంతలో పడేస్తావా?" అని అత్త నరసమ్మ ఎత్తిపొడిచింది.

రెడ్డెమ్మ సంగటి కెలుకుతోంది. భర్త చలపతి చేత తాగుడు మాన్పించాలని రెండు సెంటర్లూ చూసి వచ్చింది తనే. కుప్పంలో ఒకడు ఉప్మాలో ఉప్పు చాలలేదని వంటమనిషితో పోట్లాడుతున్నాడు. ఇంకొకడు పెళ్లాం చూడ్డానికి రాలేదని ఏడుస్తున్నాడు.

పుంగనూరులో హాలు అద్దంలా ఉంది. మగవాళ్లంతా గోడకేసి చూస్తూ వరసగా కూర్చున్నారు. వాళ్లలో పక్కవీధి ఆటో కదిరప్పా ఉన్నాడు. కనపడితే చాలు, "ఏం వదినా, అన్న ఇంకా లేయలేదా?" అని ఏడిపించే మనిషి.

"బాగుండావా కదిరప్పా?" అని పలకరించింది.

వరస వరసంతా ఒక్కసారే తలలు తిప్పింది. "బాగుండామమ్మా" అన్నారు అందరూ, ఒకే గొంతుతో. అందరి ముఖాల మీదా ఒకే నవ్వు. కదిరప్ప ముఖం మీదా అదే. ఆమె గేటు దాటేదాకా అది చెదరలేదు.

రెడ్డెమ్మ పొయ్యి ఆర్పి, వసారాలో ఉన్న చలపతికీ వినపడేలా, నెమ్మదిగా చెప్పింది.

"కుప్పానికే పోతాండాం. మనతో పోట్లాడేదానికైనా ఆ మనిషి మిగలాల."