శారాను అడిగారా?

ఆయన్ని చర్చి లోపల అందరూ పెద్దగారు అనేవాళ్ళు. గేటు దాటి వీధిలోకి రాగానే త్యాగమూర్తి అనేవాళ్ళు. ఆ రెండో పేరు ఆయన చెవిన కూడా పడింది. అది వెటకారమన్న అనుమానమే రాలేదు మహానుభావుడికి. నిజమే కదా అనుకుని మీసం దువ్వుకున్నాడు.

ఈస్టరుకు ముందొచ్చే శ్రమకాలంలో ఎవరికి తోచింది వాళ్ళు మానుకోవడం ఆ సంఘంలో అలవాటే. ఒకరు చక్కెర మానతారు, ఒకరు సినిమాలు మానతారు. నోరు మూసుకుని మానతారు. పెద్దగారు మాత్రం మైకు ముందుకొచ్చి మానతాడు. ఒక ఏడు ఉప్పు మానేశాడు. ఆయనొక్కడికీ విడిగా ఎవరు వండుతారు? ఇంటిల్లిపాదీ చప్పిడి కూడు తిన్నారు. ఆయన మటుకు ఆఫీసు క్యాంటీన్లో వంటవాడి మనసు నొప్పించకూడదని పెట్టిందల్లా తినొచ్చేవాడు. ఇంకో ఏడు స్కూటరు త్యాగం చేశాడు. బజారు సంచులు భార్య మోసింది. పోయిన ఏడు లోకసంబంధమైన పాటలు త్యాగం చేశాడు. ఇంట్లో ఆ పాటలు వినేది వాళ్ళమ్మ ఒక్కతే. ముసలావిడ రేడియో తీసుకెళ్ళి చర్చికి కానుకిచ్చేశాడు. చర్చివాళ్ళు దాన్నేం చేసుకుంటారు? సామాన్ల గదిలో విరిగిన కుర్చీల కింద పడేశారు. ఆ రోజు నుంచి ముసలావిడ కొడుకుతో మాట్లాడితే ఒట్టు.

పెద్దగారి భార్యను వీధిలో టైలరమ్మ అంటారు. వంటగది పక్కనున్న ఇరుకు గదిలో, కిటికీ వెలుతురు పడే చోట, కాలితో తొక్కే కుట్టుమిషను ఆవిడది. పెళ్ళైన కొత్తలో చేత్తో అంచులు కుట్టీ, కాజాలు కుట్టీ, వేళ్ళు కాయలు కాశాక కొనుక్కుంది. బడులు తెరిచే ముందు ఆవిడకు ఊపిరాడదు. పిల్లల యూనిఫారాలు గోడవారన గుట్టలుగా పడి ఉంటాయి. ఆవిడ మిషను మీద ఉన్నంతసేపూ ఆ చప్పుడులో మొగుడి మాటలు వినపడవు. ఆ ఇంట్లో ఆవిడకున్న సుఖం అదొక్కటే. ఆ సంగతి ఎవరితోనూ అనలేదు గానీ, మిషను మీద ప్రాణం పెట్టుకుని బతికింది.

ఈ ఏడు పాస్టరుగారు అబ్రాహాము గురించి చెప్పారు. “దేవుడు అబ్రాహామును ఏమడిగాడు? మిగిలిపోయింది అడిగాడా? పాతబడింది అడిగాడా? అన్నిటికన్నా ప్రియమైనది అడిగాడు, ఒక్కగానొక్క కొడుకును. మిమ్మల్నడిగితే ఇస్తారా?” అన్నారు. పాపం, ఊరికే అన్నారు. ఆ మాట పూర్తయ్యేలోపు పెద్దగారు మైకు దగ్గరున్నాడు.

“నన్నడిగాడు దేవుడు!” అన్నాడు గొంతు వణికిస్తూ. “మా ఇంట్లో అన్నిటికన్నా ప్రియమైనది మా కుట్టుమిషను. మంచి శుక్రవారం నాడు దాన్ని బలిపీఠం ముందు పెట్టేస్తున్నాను. నాకు కష్టమే. అయినా ఇచ్చేస్తున్నాను!”

ఆడవాళ్ళ బెంచీలో టైలరమ్మ చివ్వున తలెత్తింది. అన్నాళ్ళూ అది ‘నీ మిషను’. నీ మిషను రొద, నీ గుడ్డపీలికలు, నీ సూదులు నా కాళ్ళలో గుచ్చుకుంటున్నాయి అనేవాడు. ఇచ్చెయ్యాల్సి వచ్చేసరికి అది ‘మా’ మిషను అయి కూర్చుంది. పక్కనున్నావిడ మోచేత్తో పొడిచి, “ఎంత అదృష్టవంతురాలివమ్మా!” అంది. టైలరమ్మకు ఒళ్ళు మండిపోయింది.

ఇంటికొచ్చాక అడిగింది. “ఏమండీ, నన్నొక్క మాట అడగాలనిపించలేదా?”

“దేవుడి పనికి అడగడమేంటే? అబ్రాహాము కన్నకొడుకునే ఇవ్వబోయాడు. నువ్వు ఇనప సామాను కోసం ఏడుస్తున్నావు.”

“శారాను అడిగాడా?”

“ఏ శారా?”

“అబ్రాహాము పెళ్ళామండీ. ఆ పిల్లాణ్ణి కన్నావిడ.”

ఆయన మీసం కొస పట్టుకుని కాసేపు ఆలోచించాడు. “అడిగినట్టు ఎక్కడా రాయలేదు,” అన్నాడు. “రాయలేదంటే అడగక్కర్లేదన్నమాటే.”

“బడులు తెరిచేలోపు ఇస్తానని అన్ని బట్టలు ఒప్పుకున్నాను. నేనేం చెయ్యాలి?”

“చేత్తో కుట్టు. ప్రభువు కోసం ఆమాత్రం కష్టపడలేవా?”

ఆవిడ గదిలోకి పోయి తలుపేసుకుని, మిషను చెక్క మీద తల పెట్టి కుళ్ళికుళ్ళి ఏడ్చింది. ఏడుపయ్యాక మొహం కడుక్కుని, మరి ఆ అబ్రాహాము కథ ఏమిటో నేనే చూస్తానని బైబిలు తెరిచింది.

చదువుతుంటే ఆవిడకు చాలా సంగతులు అర్థమయ్యాయి. అబ్రాహాము తెల్లవారగానే లేచాడట. ఎందుకు లేవడూ? పొద్దెక్కితే పెళ్ళాం పనులు చూసుకుంటూ ఎదురొచ్చి, పిల్లాణ్ణి ఎక్కడికి తీసుకెళ్తున్నారని నిలదీస్తుంది. పైగా బలికి కట్టెలు తనే కొట్టుకున్నాడట. చెప్పకుండా మొగుడు కట్టెలు కొట్టాడంటేనే శారా అనుమానించాల్సింది. పిచ్చితల్లి, పడుకునుంటుంది. ఇలా శారా మీద జాలిపడుతూ ఇంకాస్త కిందికి చదివింది. దేవుడు దూత చేత అబ్రాహాము చేతిని ఆపించిన చోటికి, పిల్లాడికి బదులు పొదలో కొమ్ములు చిక్కుకున్న పొట్టేలు దొరికిన చోటికి వచ్చేసరికి ఆవిడ వేలు ఆగిపోయింది.

సరిగ్గా అప్పుడే పెద్దగారు అద్దం ముందు నిలబడి మీసానికి మైనం పట్టిస్తున్నాడు. ఆ మీసం వైభవం చెప్పాలి. రోజూ దాని సేవ అయ్యాకే ప్రార్థన. దానికో బుల్లి దువ్వెన, దానికో మైనం డబ్బా, రాత్రిళ్ళు నలగకుండా కట్టుకోవడానికో పట్టీ. ఆ డబ్బా ఇంకెవరైనా ముట్టుకుంటే ఇల్లు ఎగిరిపోయేది. ఆయన రెండు కొసలూ మెలితిప్పి పైకి నిలబెడుతుంటే టైలరమ్మ ఆయన్నోసారి చూసింది, బైబిల్నోసారి చూసింది. కళ్ళు తుడుచుకుని కత్తెర పదును పెట్టించడానికి బజారుకు బయల్దేరింది.

మంచి శుక్రవారం నాడు మిషను తోపుడుబండి మీద చర్చికి చేరింది. తెల్లగుడ్డ కప్పి బలిపీఠం ముందు నిలబెట్టారు. పెద్దగారు దాని మీద చెయ్యి వేసి తన త్యాగం గురించి మాట్లాడాడు, మాట్లాడాడు, మాట్లాడుతూనే ఉన్నాడు. సిలువ మీద ప్రభువు పలికిన మాటలు వినడానికొచ్చిన జనం ఈయన మాటలతోనే అలిసిపోయారు. చివరికి పాస్టరుగారు ప్రార్థనకు కళ్ళు మూసుకోబోతుంటే టైలరమ్మ లేచి నిలబడింది.

“అయ్యగారూ, నాదీ ఒక సాక్ష్యం ఉందండీ.”

పెద్దగారి మొహం వెలిగిపోయింది. తనను పొగడ్డానికే లేచిందనుకున్నాడు.

“అబ్రాహాముకు దేవుడు పిల్లాడి బదులు పొట్టేల్ని చూపించాడు కదండీ. ఈ వారమంతా నేనూ అడిగాను, ప్రభువా, నా మిషను బదులు ఏదైనా చూపించు తండ్రీ అని. చూపించాడండీ.”

“ఎక్కడమ్మా?” అన్నారు పాస్టరుగారు.

“మీ పక్కనే. ఆ ముక్కు కింద పొద చూడండి. పొదలో చిక్కుకున్న కొమ్ములు రెండూ ఎలా మెలితిరిగి ఉన్నాయో చూడండి.”

చర్చి చర్చంతా పెద్దగారి మీసం వంక చూసింది. మంచి శుక్రవారం నాడు నవ్వకూడదాయె. పాటల బృందానికి ఒక్కసారిగా దగ్గు పట్టుకుంది.

“నోర్ముయ్యవే!” అన్నాడు పెద్దగారు. “నేను త్యాగం చేసింది మిషను!”

“అది మీకు ప్రియమైనదేనా? అయితే సూదిలోకి దారం ఎటునుంచి ఎక్కించాలో చూపించండి. మిషను ఇక్కడే వదిలేసి పోతాను.”

పెద్దగారు గుడ్డ తీసి మిషను చుట్టూ ఒక ప్రదక్షిణం చేశాడు. వంగి చూశాడు, తొంగి చూశాడు. సూదికి బెజ్జం ఎక్కడుంటుందో కూడా ఆయనకు తెలియలేదు. టైలరమ్మ పాస్టరుగారి వైపు తిరిగింది.

“సిలువ ఎక్కినాయన తన ఒళ్ళు తను ఇచ్చుకున్నాడండీ. తల్లిని ఎక్కించి తను కింద నిలబడి సాక్ష్యం చెప్పలేదు. ఈయన మాత్రం ఏటేటా మమ్మల్ని ఎక్కిస్తున్నాడు.”

ముందు బెంచీ మీంచి ముసలావిడ చేతికర్ర నేలకేసి కొట్టి, “ఆమేన్!” అని అరిచింది. రేడియో పోయాక ఆవిడ నోట్లోంచి అంత గట్టిగా వచ్చిన మాట అదే.

పాస్టరుగారు నెమ్మదస్తుడు. కానీ ఏళ్ళ తరబడి ఆయన మధ్యాహ్నం భోజనాన్ని పెద్దగారి సాక్ష్యాలే చల్లార్చాయి. “పెద్దగారూ, మీరే చెప్పండి,” అన్నారు ఎంతో వినయంగా. “మీకేది ప్రియం?”

పెద్దగారి రెండు చేతులూ గబుక్కున లేచి మీసాన్ని కప్పేసుకున్నాయి. ఇక వేరే సాక్ష్యం ఎందుకు?

“ఒకదానికి బదులు ఇంకొకటి. విమోచనంటే ఇదే, ప్రియులారా,” అన్నారు పాస్టరుగారు. టైలరమ్మ సంచిలోంచి కత్తెర తీసి మిషను మీద పెట్టింది. పెద్దగారు నాలుగు వైపులా చూశాడు. పైనుంచి ఏ దేవదూతా ‘ఆగు’ అనలేదు. కత్తెర తీసుకుని, కాళ్ళీడ్చుకుంటూ పాస్టరుగారి గదిలోని అద్దం ముందుకెళ్ళాడు.

తిరిగొచ్చినప్పుడు ముందు ఎవరూ గుర్తుపట్టలేదు. మీసం పోయిన చోట పై పెదవి పాలిపోయి, ఎండ ఎరగనట్టు బెరుగ్గా ఉంది. ముసలావిడ కళ్ళు చికిలించి చూసి, “ఒరేయ్, ఇన్నాళ్ళకు మనిషి మొహంలా ఉందిరా,” అంది. తోపుడుబండి మీద మిషనుతో పాటు రేడియో కూడా ఇంటికొచ్చింది.

మర్నాడు మధ్యాహ్నం టైలరమ్మ యూనిఫారాలు కుడుతోంది. అవతలి గదిలో రేడియో పాడుతోంది. పెద్దగారు గుమ్మం దగ్గరికొచ్చి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నిలబడ్డాడు.

“మళ్ళీ పెరుగుతుందంటావా?”

“పెరుగుతుంది లెండి. మీ ఒంటిదేగా. నా మిషనే, ఇచ్చేస్తే మళ్ళీ మొలిచేది కాదు.”

ఆయన అక్కణ్ణుంచి కదల్లేదు. చేతిలో ఈస్టరుకు వేసుకునే కోటుంది, చంక దగ్గర కుట్టు విడిపోయింది. ఇన్నేళ్ళూ అలాంటివి తెచ్చి ఆవిడ ఒళ్ళో విసిరేసి పోయేవాడు. ఈసారి గుమ్మం దాటలేదు.

“ఏమే… నీకు తీరికుంటే… ఇది కాస్త కుట్టిపెడతావా?”

మిషను ఆగింది. పెళ్ళైన ఇన్నేళ్ళలో ఆయన తనని ఏ పనైనా ఇలా అడగడం ఆవిడ వినలేదు. కాసేపు ఆయన బోసి పెదవి వంక చూసింది. నవ్వొచ్చింది, కళ్ళలో నీళ్ళూ వచ్చాయి, రెండూ ఆపుకుంది.

“అడిగారు కదా, అక్కడ పెట్టండి,” అంది గోడవారనున్న గుట్ట చూపిస్తూ. “పైన కాదు, అడుగున. మీ వంతు వచ్చినప్పుడు కుడతాను.”