గాడిద ఎందుకు అలిగింది

లైబ్రేరియన్ల శిక్షణ కళాశాలలో బాలసాహిత్యం చెప్పే టీచరమ్మకి ఆ ఉదయం మంచం దిగకముందే ఒళ్ళంతా బరువెక్కింది. వచ్చే ఏడాది ఆ పాఠం ఎత్తేసి కంప్యూటర్ పెడదామంటున్నాడు ప్రిన్సిపాల్. ఇవాళ ప్రాక్టికల్ చూశాక తేలుస్తానన్నాడు.

టీ ఇస్తూ ఆడపడుచు ఎప్పటి మాటే అంది. "పిల్లల కథలు చదవడానికి పెద్దాళ్ళకి ట్రైనింగేమిటి వదినా, చోద్యం కాకపోతే."

ఏళ్ళ తరబడి టీచరమ్మ దానికి జవాబు చెబుతూనే ఉంది. ఇవాళ ఓపిక లేక టీ తాగి బయల్దేరింది.

కళాశాల హాల్లో పక్క బడి పిల్లలు చాపల మీద కూర్చున్నారు. వెనక కుర్చీలో ప్రిన్సిపాల్. శిక్షణకు వచ్చినవాళ్ళు ఒక్కొక్కరూ పిల్లలకు ఒక పుస్తకం వినిపించాలి. మంచి పేరొస్తుందని టీచరమ్మ క్లాసులో ఫస్టు వచ్చేవాణ్ణే ముందు పిలిచింది. ఏ పుస్తకం ఏ అరలోకి వెళ్ళాలో నిద్రలో లేపి అడిగినా చెప్పేస్తాడతను.

అతను నిలబడి గొంతు సవరించుకున్నాడు.

"పేరు, అలిగిన గాడిద. ముప్పై రెండు పేజీలు. రంగుల బొమ్మలున్నాయి. విషయం, పెంపుడు జంతువులు."

పుస్తకం మూసి కూర్చున్నాడు. అతని లెక్కలో పని పూర్తయింది.

ముందు వరస పిల్ల ఒకతె అడిగింది. "ఎందుకు అలిగింది?"

అతను అట్ట చూశాడు, అట్ట వెనక చూశాడు. "లోపల చదవలేదమ్మా," అన్నాడు నీళ్ళు నములుతూ.

ప్రిన్సిపాల్ లేచి దగ్గరికొచ్చాడు. "చూశారుగా మేడమ్. ఇది వీళ్ళకి అబ్బేది కాదు. తీసేస్తే మీకూ కాస్త విశ్రాంతి."

విశ్రాంతి అనే మాటకి ఆమె ప్రాణం నిజంగానే లాగింది. రాత్రి అనుకున్న పెద్ద పెద్ద మాటలేవీ నోటికి రాలేదు.

"తీసేస్తే అందరూ ఇలాగే బయటికెళతారు సార్. రేపు వీళ్ళ దగ్గరికొచ్చేది ఈ పిల్లలే."

ఆయన గడ్డం గోక్కున్నాడు. చివరికి ఆ పాఠాన్ని సగం మార్కులకి ఉంచుదామని, మిగతా సగం కంప్యూటర్‌కి ఇద్దామని తేల్చాడు. గెలిచిందో ఓడిందో ఆమెకే తెలియలేదు. సరేనంది. ఆయన వెళ్ళిపోయాడు.

ఆమె గోడకి చేరగిలబడి, తల వంచుకుని కూర్చున్న ఆ ఫస్టు కుర్రాడితో అంది. "ముందు నువ్వు చదువుకో నాయనా. పిల్లలు ఆగుతారు."

అతను పుస్తకం తెరిచాడు. వాళ్ళు ఆగలేదు. చాప మీద పాక్కుంటూ వచ్చి అతని భుజాల మీదుగా తొంగి చూడసాగారు. పేజీ అంత గబగబా తిప్పొద్దని ఎవరో కసిరారు. అతను వెనక్కి తిప్పాడు.