భూమన్నకు దండ

కెమెరా అద్దాన్ని పాత నూలుగుడ్డతో తుడుస్తూనే అబెనా నారాయణఖేడ్‌లోని ఫోటోఫ్రేముల దుకాణం మెట్లెక్కింది. నల్లగా పొడుగ్గా ఉంటుంది మనిషి. దగ్గరగా కత్తిరించిన జుట్టు, ఏళ్ల తరబడి కెమెరా పట్టె ఒరుసుకుని కాయకాసిన భుజం. ఘనా దేశంలో మేనమామ స్టూడియోలో పాస్‌పోర్టు ఫోటోలతో మొదలుపెట్టి, పెళ్లిళ్లూ చావులూ తీసి, చివరికి ఊళ్లు పట్టుకు తిరుగుతూ రెక్కలు ముక్కలు చేసుకునేవాళ్ల ముఖాలు తీయడంలో స్థిరపడింది. పెద్ద పేరేమీ రాలేదు. పత్రికలు వేసుకుంటే వేసుకున్నాయి, లేకపోతే లేదు. తీసిన ఫోటోను దిగినవాళ్లకు చేర్చకుండా మాత్రం ఎన్నడూ ఊరుకోలేదు.

దగ్గర్లోని మనూర్ ఊళ్లో ఆమె పని ముందుకు సాగలేదు. చెరకు కొట్టడానికి ఏటా వలసపోయి వచ్చిన ముసలివాళ్లను ఒక్కొక్కరినే తీద్దామంటే ఎవరూ కూర్చోరు. ఆ వయసులో ఒంటరి ఫోటో దిగితే పోయినవాళ్ల గోడకెక్కడానికే అని భయం. భూమన్న ఒక్కడే దిగాడు. ఆయన మెచ్చితే మిగతావాళ్లు వస్తారు, లేదంటే ఈ పనికి ఇక్కడితో మంగళం. సాయంత్రం బస్సుకే ఆమె ప్రయాణం.

అందుకే ఆయన ఫోటోకు ఫ్రేము ఘనంగా ఉండాలనుకుంది. పెళ్లికొడుకు మెడలో దండ చూసింది, గెలిచిన సర్పంచి మెడలో దండ చూసింది. దుకాణంలో వేలాడుతున్న గంధపు దండను వేలితో చూపించింది. దుకాణదారు మల్లప్ప జాలిగా ముఖం పెట్టి ఏదో అడిగాడు. భాష రాకపోయినా మర్యాద తెలిసిన మనిషి కదా, తల ఊపింది. ఆయన అద్దం మీద, భూమన్న నుదుటి దగ్గర కుంకుమబొట్టు పెట్టి, దండ వేసి, కాగితంలో చుట్టి ఇచ్చాడు.

బయట ఆటోలో రోజ ఎదురుచూస్తోంది. అబెనా మాటను తెలుగులో చెప్పేది ఆ అమ్మాయే. పొట్లంలో ఏముందో ఆమెకేం తెలుసు!

మనూర్‌లో భూమన్న వాకిట్లో మంచం మీద కూర్చుని బీడీ కాలుస్తున్నాడు. పొట్లం విప్పింది ఆయన భార్య కిష్టవ్వ. విప్పి, అక్కడే కూలబడింది.

"నా పెనిమిటి బతికుండంగనే దండేసి తెచ్చినవేంది బిడ్డా."

ఆమె ఏడుపుకు గల్లీ అంతా పోగైంది. రోజ ముఖం పాలిపోయింది. అబెనా చెవిలో సంగతి చెప్పింది. అబెనాకు తల కొట్టేసినట్టయింది. పని సంగతి సరే, పాపం, ఆ ముసలామెను ఏడిపించానే అని ప్రాణం ఉసూరుమంది.

భూమన్న ఫోటో అందుకుని అటూ ఇటూ తిప్పి చూశాడు. చెరకాకు కోసిన గీతలన్నీ అందులో చేతుల మీద కనిపిస్తున్నాయి. తనను తాను అంత తీరిగ్గా ఆయన ఎన్నడూ చూసుకోలేదు. పొగ వదిలి, దండ తీసి తన మెడలోనే వేసుకున్నాడు.

"ఏడ్వకు. సచ్చిండని అబద్ధం పుడితే ఆయుష్షు పెరుగుతదంటరు గద. గీ బిడ్డ నాకు పదేండ్లు తెచ్చింది."

ఆయుష్షు ఎవరికి చేదు? ముందుగా పక్కింటి ముసలమ్మ కొప్పు సర్దుకుంటూ వచ్చి కుర్చీ అడిగింది. దండ కూడా కావాలంది. ఇంక చెప్పేదేముంది, మెడ నుంచి మెడకు దండ మారుతూనే ఉంది, అబెనా పొద్దువాలేదాకా ఫోటోలు తీస్తూనే ఉంది. ఇన్నేళ్ల పనిలో ఇంత సంతోషం ఆమె ఎరగదు.

ఫోటోలన్నీ రోజకు పంపుతానని మాటిచ్చి కెమెరా సర్దుకుంటుంటే, నీ నాయన ఫోటో చూపించమన్నాడు భూమన్న. లేదని రోజతో చెప్పించింది. ఎందరి తండ్రులనో తీసింది. తన తండ్రిని తీరిక దొరికినప్పుడు తీద్దామనుకుంది, ఆయన పోయేనాటికి ఎక్కడో పరాయి ఊళ్లో ఉంది. ఆ మాట చెబుతూ, తుడిచిన కెమెరా అద్దాన్నే మళ్లీ తుడిచింది.

"అయితే నీ ఫోటో పంపు. బిడ్డ మొఖంల నాయన ఉంటడు," అన్నాడు భూమన్న.

బస్సు దగ్గర కిష్టవ్వ ఆమె చెంపలు నిమిరి మెటికలు విరిచింది. బస్సు కదిలింది. ఇంటికి తిరిగొచ్చాక కిష్టవ్వ లైటు వేసి, భర్త ఫోటోను పోయినవాళ్ల గోడకు కాకుండా గడప పక్కన తగిలించింది. దాని పక్కనే, రాబోయే అబెనా ఫోటోకని రాయితో కొట్టిన ఇంకో మేకు, ఖాళీగా, కొత్తగా మెరుస్తూ ఉంది.