తువ్వాలలో ఘాటు

తువ్వాల దులిపితే ఎర్రదుమ్ము.

గడప ముందు పల్చగా రాలేది... ఇంట్లోంచి దగ్గు వినబడేది.

కట్టయ్య ఎనుమాముల మార్కెట్ యార్డులో హమాలీ. మిర్చి బస్తాలు మోసి మోసి ఆ ఘాటు అతని చెమటలోకే దిగిపోయింది. పెళ్లయిన నాటి నుంచీ మొగిలమ్మ ఆ వాసనతోనే కాపురం చేసింది. "మిరపకాయ మొగుడు" అని నవ్వేది కూడా.

ఈ ఎండాకాలం ఆమె నోట్లో క్యాన్సర్ అన్నారు. పట్నం దవాఖానలో ముప్పై రోజులు కరెంటు పెట్టారు — రేడియేషన్ అంటారట. కాజీపేటలో రైలు దిగేసరికి చెంప కమిలి నల్లబడింది. నోరంతా పూసింది. చల్లారిన జావ తగిలినా కళ్లలో నీళ్లు తిరిగేవి.

మొదటి రోజు ఆమే అంది — "జర అవుతలనే ఉండు... ఘాటుకు పానం పోతాంది."

ఉన్నాడు.

ఆ రోజు అది నిజం.

మర్నాడు స్నానం చేసి లోపలికి పోవచ్చు. పోలేదు. తువ్వాల దులిపి అరుగు మీదే కూర్చున్నాడు.

ఆ మర్నాడూ అరుగే.

పక్కింటి రాజక్క వచ్చి జావ తాగించి పోయేది. "పెండ్లాం మీద ఎంత పానమో సూడుండ్రి! ఘాటు తగలొద్దని గడప తొక్కుతలేడు" అని వాడంతా చెప్పుకొచ్చింది.

ఆ మాట విన్నప్పుడల్లా కట్టయ్యకు తల కొట్టేసినట్టయ్యేది.

ఘాటు కాదు — భయం. ఆ చెంప చూడాలంటే భయం. ఆ మూలుగు పక్కన కూర్చోవాలంటే భయం. అంతంత బస్తాలు ఎత్తే మనిషి గిన్నెడు జావ పట్టుకోలేకపోయాడు. ఛీ, ఇదీ ఒక బతుకేనా!

ఒక రోజు వాన. అకాల వాన. మిర్చి తడుస్తుందని యార్డు బందు పెట్టారు.

ఒంటి మీద ఘాటు లేదు. చెప్పుకోవడానికి సాకు లేదు.

అరుగు మీద బుట్టలో ఎండుమిరపకాయలున్నాయి. పిడికెడు తీశాడు. తువ్వాలలో వేసి రెండు చేతులతో నలిపాడు. గడప ముందు దులిపాడు.

ఎర్రదుమ్ము రాలింది.

లోపల దగ్గు. చాలాసేపు దగ్గు. ఆ తర్వాత ముద్దముద్దగా మొగిలమ్మ మాట —

"వానకు యార్డు బందని... రాజక్క చెప్పింది."

కట్టయ్య తువ్వాలను ఉండ చుట్టాడు.

"నీకు భయమైతాందని నాకెర్కే... నాకు సుత అయితాంది... రా."

రా.

అంతే అంది.

తువ్వాల వానలోకి విసిరేశాడు. చేతులు కడిగాడు. బూడిదతో కడిగాడు. మట్టితో రుద్దాడు. మంట పోలేదు. మిర్చి నలిపిన చేతుల సంగతి మిర్చి హమాలీకి ఒకరు చెప్పాలా? ఈ చేతులతో ఆ నోటికి జావ ఎట్లా పట్టిస్తాడు?

మంచం మీంచి ఆమె చేయి చాపే ఉంచింది.

అతను గడప మీద నిలబడ్డాడు — ఒక కాలు లోపల, ఒక కాలు బయట... రెండు చేతులూ వెనక్కి దాచుకుని.

వాకిట్లో తువ్వాల తడుస్తూనే ఉంది. దాని కిందనుంచి వాననీళ్లు ఎర్రగా పారుతున్నాయి...