కాఫీ రంగు పోతు కూతుళ్ళు

ఆ ఇంట్లో పేరు పెట్టడమంటే ఆషామాషీ వ్యవహారం కాదు. కన్న కూతురికి పుట్టిన రోజునే పేరు పెట్టేసిన పెద్దమనిషి, బాతు ఈకల రంగుకి పేరు పెట్టడానికి మాత్రం ఏళ్ళకి ఏళ్ళు ఆగేవాడు. ఆ కూతురి అమ్మ బతికున్నన్నాళ్ళూ ఆ మాటతోనే ఆయన్ని ఆటపట్టించేది. "పిల్లకి పేరు నచ్చకపోతే పెద్దయ్యాక మార్చుకుంటుంది. బాతు మార్చుకోలేదుగా!" అనేవాడాయన, మొహంలో నవ్వన్నది లేకుండా.

బాతులంటే గుడ్ల కోసమో కూర కోసమో పెంచేవి కావు. గుప్పిట్లో ఇమిడేంత ఒళ్ళు, పొట్టి ముక్కు, ఉబ్బిన బుగ్గలు. చూసి మురిసిపోవడానికి తప్ప ఎందుకూ కొరగానివి. ఊళ్ళో వాళ్ళకి ఆయన 'రంగులాయన'. ఇళ్ళకి రంగులేసే మనిషనుకుని ఎవరైనా గోడ చూపించడానికి పిలిస్తే వారం రోజులు అలిగేవాడు.

ఆయన నియమం ఒకటుంది. కొత్త రంగు పెట్టలో కనిపిస్తే సరిపోదు, పోతులో కూడా రావాలి. జంట కుదరని రంగు ఆ తరంతోనే పోతుంది, పోయేదానికి పేరెందుకు అనేవాడు. జంట కుదిరాక బాతుల సంఘం తరఫున రంగులు చూసే మనిషి రావాలి, పగటి వెలుతురులో చూడాలి. అప్పుడు పెంచినవాడు పోతుని ఒళ్ళో పెట్టుకుని, ఆ పేరు ముందు దాని చెవిలో చెప్పి, ఆ తర్వాత మనుషులకి చెప్పాలి. బాతుకి చెవి ఎక్కడుంటుందో వెతుక్కోవడానికే సగం మందికి తెల్లారుతుందని అమ్మ ఎగతాళి చేసేది.

ఆయన జీవితమంతా వెంటపడిన రంగు ఒక్కటే. బూడిదలో చిటికెడు కాఫీపొడి కలిపి, దాని మీద పొద్దుటి ఎండ పడితే ఎలా ఉంటుందో అలాంటిది. అమ్మ పోయిన ఏడు ఒక పెట్టకి వచ్చింది. పోతుకి రాలేదు. అందుకని పేరు లేదు, ఇంట్లో అందరూ దాన్ని 'ఆ రంగు' అనేవారు. పేరు మాత్రం ఆయన మనసులో ఎప్పుడో ఖాయమైపోయింది. ఎంత బతిమాలినా కూతురికి కూడా చెప్పలేదు.

ఆ రంగు లెక్క కూతురికి ఎక్కాలకంటే ముందే వచ్చేసింది. నలుపుని పలచన చేసే గుణాలు రెండున్నాయి. ఒకటి నలుపుని నీలం చేస్తుంది. బాతులవాళ్ళు నీలం అంటారు గానీ, అది నిజానికి చెరిపేసిన పలక రంగు. రెండోది నలుపుని కాఫీ రంగు చేస్తుంది. రెండూ ఒకే ఒంట్లో కలిస్తే ఆ రంగు. పేచీ అంతా కాఫీ రంగుతోనే. కొడుక్కి అది రావాలంటే తల్లీ తండ్రీ ఇద్దరూ ఇవ్వాలి. ఒక్కరే ఇస్తే లోపల దాక్కుంటుంది, పైకి ఏమీ తెలియదు. కూతురికి అలా కాదు. తల్లితో పని లేదు, తండ్రి ఎలా ఉంటే అలాగే. కాఫీ రంగు పోతుకి పుట్టిన కూతుళ్ళలో నల్లది ఉండనే ఉండదు.

"కొడుకు దాచగలడు. కూతురు తండ్రిని దాచలేదమ్మడూ" అనేవాడు నాన్న. చిన్నప్పుడు అది బాతుల గురించే అనుకునేది ఆమె. ఇప్పటికీ చాలావరకు అలాగే అనుకుంటోంది.

ఎన్నో ఏళ్ళ తంటాల తర్వాత నికార్సైన కాఫీ రంగు పోతు ఒకటి చేతికొచ్చింది. దాన్ని ఆ రంగు పెట్టతో ఒకే దొడ్లో జత చేశారు. ఇక పుట్టేవాటిలో సగం కాఫీ రంగు, సగం ఆ రంగు, వాటిలో పోతులూ ఉంటాయి. లెక్కలో ఢోకా లేదు. సరిగ్గా అప్పుడే నాన్న కళ్ళు తేడా చేశాయి.

కంటి డాక్టరు దగ్గరికి వెళ్ళే పొద్దున నాన్న ఒకటే హడావుడి. చొక్కా గుండీలు తప్పు కాజాల్లో పెట్టుకుని గుమ్మంలో నిలబడి, "ఆలస్యమైపోతోంది, రావేం?" అని కేకలు. ఆమె నీళ్ళ తొట్లు నింపి పరుగున వచ్చేసింది. సాయంత్రానికి తిరిగొచ్చారు. వెలుగూ నీడా తప్ప ఇక ఏమీ మిగలదని, అవీ ఎంతో కాలం ఉండవని డాక్టరు చెప్పాడు. నాన్న ఇంటికొచ్చి కుర్చీలో కూలబడి, "ఇప్పుడు నాకన్నీ పొగ రంగే. ఇన్నాళ్ళూ వెతికిన రంగు ఇల్లంతా పరుచుకుందన్నమాట" అన్నాడు. నవ్వబోయాడు, నవ్వు రాలేదు.

ఆ దుఃఖంలోనే దొడ్లోకి వెళ్ళి చూస్తే, రెండు దొడ్ల మధ్య తలుపు బార్లా తీసి ఉంది. పొద్దున గడియ వేయడం మరిచిపోయింది. పక్క దొడ్లోని నల్ల పోతు, మహారాజులా ఆ రంగు పెట్ట పక్కన కూర్చుని ఈకలు దువ్వుకుంటోంది. కాఫీ రంగు పోతు ఓ మూల ముడుచుకుని ఉంది.

పరాయి పోతు చొరబడితే కొన్ని వారాలపాటు గుడ్లు పొదిగించకూడదు, తీసి పారేయాలి. బాతులు పెంచేవాళ్ళలో పసిపిల్లకి కూడా తెలిసిన సంగతి అది. ఆమెకి తెలియక కాదు. కానీ పెట్ట ముసలిది, గుడ్ల కాలం అయిపోవస్తోంది, పారేస్తే ఈ ఏడు గుడ్లే ఉండకపోవచ్చు. లోపలికెళ్ళి ఈ సంగతి నాన్నకి ఇవాళే చెప్పాలా? ఒక్క పూటకి ఏం కొంప మునుగుతుందిలే అని సర్దిచెప్పుకుంది. నల్ల పోతుని తోలేసి, గడియ పెట్టి, చేతులు కడుక్కుని నాన్నకి మందు చుక్కలు వేసింది.

గుడ్లు పారేయకుండా పొదిగించింది. పిల్లలు బయటికొచ్చిన రోజు ఒక్కొక్కదాన్నే ఎత్తి చూసింది. కాఫీ రంగువి రెండే, మిగతావన్నీ నల్లవీ బూడిదవీ. కొంప మునగనే మునిగింది. నాన్న పక్క గదిలోంచి, "ఏం వచ్చాయమ్మడూ? నీ కళ్ళతోనే నేను చూడాలి, జాగ్రత్తగా చూసి చెప్పు" అన్నాడు. గొంతులో చిన్నపిల్లాడి ఆశ. ఆ ఆశ ముందు ఆమె ఓడిపోయింది.

"కాఫీ రంగువి వచ్చాయి నాన్నా. ఆ రంగుది కూడా ఒకటి వచ్చేలా ఉంది. పోతుపిల్లే అనుకుంటా."

అబద్ధమాడటం ఆమెకి చేతకాదు. అయినా ఆడేసింది, ఆడాక దాన్ని మోయాల్సి వచ్చింది. నల్ల పిల్లల్ని వెనక దొడ్డికి మార్చింది. బూడిద పోతుకి ఈకలు వచ్చేదాకా రోజూ వెలుతురులోకి పట్టుకెళ్ళి, ఎక్కడైనా చిటికెడు కాఫీ వాసన తగులుతుందేమోనని తిప్పి తిప్పి చూసింది. చెరిపేసిన పలక. అంతే. నాన్న మాత్రం రోజూ దాన్ని ఒళ్ళో పెట్టుకుని, వేళ్ళతో రెక్క విప్పి, తోక మీద పోతుకే మొలిచే వంకీ ఈక తడిమి, "పోతే! మా నాయనే!" అని పొంగిపోయేవాడు. తిండి సయించింది, నిద్ర పట్టింది. అది చూసి ఆమె తన తప్పుని ఒప్పుగా చూసుకోవడం నేర్చుకుంది. మనిషి మనసు మహా గడుసుది, ఏ సందులోంచి అయినా దూరిపోతుంది.

చివరికి మామయ్యకి కబురు వెళ్ళింది. అమ్మ తమ్ముడే సంఘం తరఫున రంగులు చూసేది. గడియారాలు బాగుచేసే కొట్టు ఆయనది. కన్నంటే కన్నే, ఈకలో ఏ రంగు ఎంత పాళ్ళో ఇట్టే చెప్పేస్తాడు. కానీ ఏ తల్లికి ఏ తండ్రి వల్ల ఏం పుడుతుందన్న లెక్కల జోలికి పోడు. "అవన్నీ మా బావ చూసుకుంటాడు" అంటాడు.

దొడ్లో ఎండ పడే చోట కుర్చీ వేశారు. నాన్న ఉతికిన చొక్కా వేసుకుని, పోతుని ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. మామయ్య కళ్ళజోడు సర్దుకుని వంగాడు. రెక్క విప్పి చూశాడు. ఇంకోసారి చూశాడు. తలెత్తి మేనకోడలి వంక చూశాడు. ఆమె చేతులు జోడించింది.

"ఎలా ఉందోయ్?" అన్నాడు నాన్న.

"నువ్వు చెప్పిన రంగే బావా. అచ్చంగా అదే."

నాన్న కళ్ళలో నీళ్ళు తిరిగాయి. తుడుచుకోలేదు. "మీ అక్క ఉంటే ఇవాళ నా నోరు మూతపడేలా ఏదో ఒకటి అనేది" అన్నాడు. ఆమెకి అక్కడినుంచి పారిపోవాలనిపించింది.

మామయ్యకి అక్కడ నిలబడటం కష్టమైంది. కబుర్లు చెప్పి నెట్టుకొద్దామని వెనక దొడ్డి వైపు రెండడుగులు వేశాడు. "ఇదిగో, ఈ నల్లది కూడా భలే నిగనిగలాడుతోంది బావా. దీని కాలికీ పోతు కాలికున్న కడియమే. ఒకే విడతలో పుట్టిందన్నమాట!"

కొత్త మనిషిని చూసి ఆ నల్లది గట్టిగా అరిచింది. బాతుల్లో పోతు గొంతు బొంగురు, పైకి లేవదు. వీధి చివరికి వినిపించేలా అరిచేది పెట్టే.

నాన్న చెయ్యి పోతు వీపు మీద ఆగిపోయింది.

"అరిచింది ఆ నల్లదేనా?"

"అదే బావా. ఎందుకూ?"

నాన్న వేళ్ళు మెల్లగా కదలసాగాయి, మనసులో లెక్క వేసుకునేటప్పుడు ఎప్పుడూ అలాగే కదులుతాయి. ఆమె ఆ వేళ్ళనే చూస్తూ నిలబడింది. ఆ లెక్క తనకీ వచ్చు. ఎక్కడికి చేరుతుందో, ఎంతసేపట్లో చేరుతుందో తెలుసు.

"కాఫీ రంగు పోతు కూతురు నల్లగా పుట్టదు" అన్నాడు చివరికి, ఎవరితోనూ కాకుండా. "తండ్రి వేరు. ఆ సంగతి నా దగ్గర దాచారంటే దీని తండ్రీ వేరే." ఒళ్ళో ఉన్నదాని మెడ నిమిరాడు. "అయితే ఇది ఆ రంగు కాదు. ఇది నీలం."

మామయ్య మొహం నల్లబడింది. "బావా, నీ మనసు కష్టపెట్టలేక..."

"నీకేం, కళ్ళున్నాయి. చూసి కూడా చెప్పలేదు" అన్నాడు నాన్న. కోపంగా అనలేదు, అలిసిపోయినట్టు అన్నాడు. కోప్పడితేనే నయమనిపించింది ఆమెకి. కుర్చీ పక్కన కూలబడి ఏడ్చింది. గడియ సంగతి, నల్ల పోతు సంగతి, పారేయని గుడ్ల సంగతి అంతా చెప్పేసింది.

"ఏ రోజు?" అన్నాడాయన.

"డాక్టరు దగ్గరికి వెళ్ళిన రోజు నాన్నా."

"ఆ రోజు నిన్ను తొందరపెట్టింది నేనే" అన్నాడు నాన్న. "గడియ మరిచిపోవడం తప్పు కాదమ్మడూ. కళ్ళు పోయాయని నేను పెద్దగా ఏడవలేదు, ఎందుకో తెలుసా? నీ కళ్ళున్నాయనుకున్నాను. ఇన్ని నెలలూ నన్ను నిజంగా గుడ్డివాణ్ణి చేశావు."

ఆ మాట ఆమెకి జీవితాంతం గుర్తుండిపోయింది. అంతకంటే గట్టిగా ఆయన ఏమీ అనలేదు. పోతు తల దగ్గరికి వంగి, అందరికీ వినిపించేలా, "నీలం. నీది నీలం. మంచి రంగే" అని చెప్పాడు. దాన్ని నేల మీదికి దించి, చేతికర్ర కోసం తడుముకున్నాడు. ఆమె అందించింది.

మర్నాటినుంచి కొన్నాళ్ళపాటు, ఆమె ఏం చెప్పినా నాన్న ఊ కొట్టేవాడు గానీ, తర్వాత తనే తడిమి చూసుకునేవాడు. నీళ్ళు నింపానంటే తొట్లో చెయ్యి పెట్టేవాడు. గడియ వేశానంటే తలుపు లాగి చూసేవాడు. ఆమె పక్కనే నిలబడి చూస్తూ ఉండేది, ఒక్క మాట ఎదురు చెప్పేది కాదు. ఏ రోజు నుంచో ఆయన తొట్లో చెయ్యి పెట్టడం మానేశాడు. అది ఆమె గమనించింది, గమనించానని చెప్పలేదు.

మళ్ళీ గుడ్ల కాలం వచ్చింది. ముసలి పెట్ట కొన్నే గుడ్లు పెట్టింది, వాటిలో పిల్లలైనవి మరీ తక్కువ. అప్పటికి నాన్నకి వెలుగుకీ నీడకీ కూడా తేడా లేదు. పిల్లలకి ఈకలు దట్టంగా వచ్చేదాకా ఆగి, ఓ పొద్దున ఒకదాన్ని ఎండలోకి తీసుకెళ్ళింది. తిప్పి చూసింది. బూడిదలో చిటికెడు కాఫీపొడి. ఏ పక్కనుంచి చూసినా అదే. వెనక్కి తిప్పి, ఆడో మగో తోక కింద చూసింది. కాసేపు అలాగే పట్టుకుని నిలబడింది. ఆ పిల్ల ఇంకా గొంతు ముదరనిది, తోక మీద వంకీ ఈక మొలిచే వయసు కూడా కాదు. ఏం చెప్పినా కొన్ని వారాలదాకా నాన్నకి తెలిసే దారి లేదు.

నాన్న వరండాలో కూర్చుని ఉన్నాడు. ఆమె అడుగుల చప్పుడు విని తల తిప్పాడు.

"ఆ రంగే వచ్చింది నాన్నా" అంది. "కానీ పోతు కాదు. పెట్ట."

చెయ్యి చాపితే ఆయన ఒళ్ళో పెట్టింది. ఆయన రెక్క విప్పలేదు, తోక తడమలేదు. అరుస్తుందేమోనని చెవి కూడా ఒగ్గలేదు. రెండు చేతుల మధ్యా దాన్ని వెచ్చగా పట్టుకుని కూర్చున్నాడు.

"పెట్టా?" అన్నాడు. "సరే. వచ్చే ఏడు చూద్దాంలే."

ఇంకేమీ అడగలేదు.