దుఃఖానికి ఐదుకు ఐదు

మగ్గానికి దారం కండెలు చుట్టడం ఆపి టీ పెట్టమన్నాడు మా ఆయన. ఏదో యూనివర్సిటీ నుంచి ఒక అమ్మాయి వచ్చింది, నా మనసు ఎట్లా ఉందో కనుక్కోవడానికి. ఆమె నా మనసు గురించి అడుగుతోంది, ఆయన జవాబులు చెబుతున్నాడు, నేను చక్కెర వేస్తున్నాను.

ఆమె పేరు సుచరిత. తుంగభద్ర వరద తర్వాత ఒడ్డున ఉన్న ఊళ్ళలో మనుషులు ఎంత కుంగిపోయారో, ఎంత ఎదిగారో తెలుసుకుంటున్నారట. ఎదగడమేమిటని వంటింట్లోంచే అడిగాను. "పెద్ద కష్టం వచ్చాక కొందరు మునుపటికంటే గట్టిపడతారక్కా. ఇప్పుడు పరిశోధనలు ఎక్కువగా దాని మీదే జరుగుతున్నాయి," అంది. పాపం, మంచి పిల్లే. చెప్పులు బయట విడిచి వచ్చింది.

"'నేను అనుకున్నదానికంటే ధైర్యవంతురాలినని ఈ సంఘటన తర్వాత తెలిసింది.' సున్నా నుంచి ఐదు వరకు ఎంత వేయమంటారు?"

"ఐదెయ్యమ్మా," అన్నాడు మా ఆయన. "పాప పోయినంక పదో దినానికే రాట్నం కాడ కూర్చున్యాది. ఒక్క కన్నీటి సుక్క ల్యా."

మా అత్త తిమ్మమ్మ గడపలో కూర్చుని వక్క కొరుకుతూ అందుకుంది. "గట్టి గుండెలే తల్లీ దానిది. గట్టిది కాబట్టే బిడ్డను నీళ్లల్లో ఇడిసిపెట్న్యాది."

అమ్మాయి తల దించుకుని ఐదు చుట్టూ గీత గీసింది.

మా వాణికి రెండున్నరేళ్ళు. అక్టోబరులో ఏరు ఇంట్లోకి వచ్చిన రోజున మగ్గం గుంతలో మునిగి పోయింది. నేసే మనిషి కాళ్ళు దించుకుని కూర్చునే గొయ్యి అది, నా నడుము లోతు ఉంటుంది. నీళ్ళు తీశాక అందులోని బురద ఎత్తింది కూడా నేనే, అన్నం గిన్నెతో. ఆయనకు చేతులు ఆడలేదట. ఇప్పుడు అదే గుంతలో కాళ్ళు పెట్టుకుని ఆయన నేస్తాడు, నేను పక్కన కూర్చుని కండెలు అందిస్తాను. పలకరించడానికి వచ్చిన ప్రతి ఒక్కరూ తల్లికి కన్నుండొద్దా అన్నారు. నిజమే అనుకున్నాను. రోజూ పొద్దున్నే లేచి నిజమే అనుకుని రాట్నం ముందు కూర్చున్నాను. ఏడవడానికి నాకు హక్కు లేదని ఏడవలేదు. దాన్ని ధైర్యం అంటారని ఈ కాగితం వచ్చేదాకా నాకు తెలియదు.

"'ఆపదలో నా ఇంటివాళ్ళు నాకు అండగా ఉంటారని తెలిసింది,'" చదివింది సుచరిత.

"దానికీ ఐదే," అన్నాడు ఆయన టీ ఊదుకుంటూ. "మేము ల్యాకుంటే ఇది ఏమైపోయుండు?"

నాకు ఒళ్ళు మండింది. ఈ మూడు నెలల్లో మొదటిసారి నా మీద కాకుండా ఆయన మీద మండింది.

"అది కొట్టేసి సున్నా ఎయ్యమ్మా," అన్నాను. "ఆ పొద్దు నీళ్లు మోకాళ్ల కాడికొచ్చినాయి. పాప నా సంకలోనే ఉండాది. మగ్గం మీద పట్టు పడుగు ఉండాది. పోగులు చిక్కు పడకుండా ఎత్తాలంటే ఇద్దురు కావాల, ఆ కొసకొకరు, ఈ కొసకొకరు. 'బిడ్డను దించి ఆ కొస పట్టుకో' అన్న్యాడు. గుంత గట్టు మీద దించినా. ఎత్తి కట్టేదాంకా ఇద్దురం తల తిప్పల్యా. పడుగులో ఒక్క పోగు తెగల్యా."

"బయటి మనిషి ముందర మొగుని మీద చెప్తావా?" అని అత్త లేచింది.

ఆయన గ్లాసు కింద పెట్టాడు. "నేను దించమంటి, సరే. నీ బుద్ధి యాడికి పోయింది?"

అత్త నోట్లో వక్క ఆగిపోయింది. దించమన్న మాట ఆయన నోటి నుంచి రావడం అదే మొదలు.

"పద్మశ్రీ అక్కా, ఇవన్నీ రాయడానికి ఇందులో చోటు లేదు," అంది సుచరిత. "వేరే ఏం రాసినా ఈ ఫారం పక్కన పడేస్తారు."

"పడేయనీలే," అని కాగితం, పెన్ను తీసుకున్నాను. ఏడో తరగతి దాకా చదివినదాన్ని, నా అక్షరాలు ఇంకా గుండ్రంగానే ఉన్నాయి. మా ఇళ్ళలో ఆడవాళ్ళు మొగుడి పేరు పలకరు. పెళ్ళయి ఏడేళ్ళు, నేనూ ఎన్నడూ పలకలేదు. కాగితం వెనక్కి తిప్పి రాశాను:

రామలింగప్ప దించమన్నాడు. పద్మశ్రీ దించింది.